నేను చూడని అంకె

ఫిబ్రవరి 3

లాబ్‌లో ఒక రిజిస్టరు ఉంది. గది ఎంత వేడిగా ఉంది, లేజరు ఎన్నిసార్లు అలిగింది, ఎవరు ఏ మర తిప్పారు, అన్నీ అందులో రాసి సంతకం పెట్టాలి. అందులో రాయలేనివి రాసుకోవడానికి ఇవాళ దారిలో ఈ నోటుబుక్కు కొన్నాను.

పొద్దున పెద్ద కంప్యూటరు చచ్చి కూర్చుంది. దాచిపెట్టిన నకళ్లలోంచి ఫైళ్లన్నీ తిరిగి ఎక్కించాను. ఎక్కినవి సరిగ్గా ఉన్నాయో లేదో ఒక్కొక్కటీ తెరిచి చూడాలి కదా. ‘చెత్త’ అనే పేరున్న ఫైలు తెరిచాను. అది చెత్త కాదు, మా లాబ్ పెద్దసారు ముసుగు అంకె దాచుకున్న ఫైలు. దానికి తాళం లేదు. చెత్త అని పేరు పెడితే ఎవరూ ముట్టుకోరనుకున్నారు కాబోలు.

వెంటనే మూసేశాను. ఏమీ చూడలేదు.

ఫిబ్రవరి 4

మొదటి అంకె నాలుగు. అంతే. అది చూడటం, చూడకపోవడం ఒకటే.

ఫిబ్రవరి 6

ఈ ముసుగు పద్ధతి మీద నాకు మొదట్నుంచీ కోపమే. మా గడియారం కింది అంతస్తులో ఉంది. రోడ్డు అవతలి భవనంలో, మొదటి అంతస్తులో, వాళ్ల గడియారం ఉంది. రెండూ స్ట్రాన్షియం పరమాణువులతో నడిచేవే. లేజరు వెలుగుతో వాటిని చల్లబరిచి, గుడ్ల అట్టలో గుడ్లలా వెలుగులోనే కూర్చోబెట్టి, వాటి కంపనాలు లెక్కపెడతాం. ఎత్తులో ఉన్న గడియారం కాస్త ముందుకు పోతుంది. ఎంత పోతుందో భూమిలోంచి వేసిన గాజు తీగతో పోల్చి చూడటమే ఐదేళ్లుగా మా పని. దశాంశం తర్వాత పద్దెనిమిదో స్థానంలో లెక్క. అక్కడ ఒకటి అంటే ఒక సెంటీమీటరుకు కాస్త తక్కువ ఎత్తు.

సర్వేయరు ఎత్తు కొలిచి ఇచ్చేశాడు. దాని ప్రకారం తేడా 263 రావాలి. ఆ సంగతి అందరికీ తెలుసు. అందుకే పెద్దసారు తనకొక్కరికే తెలిసిన అంకె ఒకటి మా లెక్కలో కలిపేస్తారు. తెర మీద మేం చూసేది ఆ కలిపిన మొత్తమే. తను కలిపిన అంకెను కాగితం మీద రాసి, కవరులో పెట్టి, అంటించి, లైబ్రేరియన్ బీరువాలో పడేస్తారు. మేం తప్పులన్నీ వెతికి, దిద్ది, ఇక ముట్టుకోం అని సంతకాలు పెట్టాకే కవరు చింపేది.

“రావాల్సింది ఎంతో తెలిస్తే అంత వచ్చేదాకా వెతుకుతారు, వచ్చాక ఆపేస్తారు” అంటారాయన. తొమ్మిదేళ్లుగా ఇక్కడ పనిచేస్తున్నాను. నన్ను కూడా దొంగలా చూడాలా?

ఫిబ్రవరి 7

అత్తయ్యతో మాటలు. ఆవిడ ముప్పై ఏళ్లు తూనికలు కొలతల ఇన్‌స్పెక్టరు. ఊళ్లో దుకాణదారులు ఇప్పటికీ ఆవిడను చూస్తే త్రాసు తుడుచుకుంటారు.

“మీ గడియారం ఎంత తప్పుతుందే?”

“సృష్టి మొదలైనప్పటి నుంచి నడిచినా ఒక్క సెకను తప్పదు అత్తయ్యా.”

“మరి నువ్వు రోజూ గంట ఆలస్యంగా వస్తావేం?”

ఈయన ముక్కులోంచి టీ వచ్చేలా నవ్వారు. నేనూ నవ్వాను. మేడ మీద గదిలో ఉంటోంది కాబట్టి తను మా కంటే ముందు ముసలిదవుతుందా అని ఆవిడ ఇంకో ప్రశ్న. అవుతారు గానీ కనిపించదన్నాను. “కనిపించని ముసలితనం అయితే పరవాలేదు” అంది.

ఫిబ్రవరి 9

418.

రాసుకుంటే బుర్రలోంచి పోతుందేమోనని రాశాను.

ఫిబ్రవరి 10

పోలేదు. తెర మీద 690 ఉంది. అందులోంచి 418 తీసేస్తే 272. రావాల్సింది 263. తొమ్మిది ఎక్కువ. ఊరికే తీసేసి చూశాను. బస్సులో కూర్చుని టికెట్టు వెనకాల లెక్క వేసి, ఆ టికెట్టు నలిపి పారేశాను.

తొమ్మిది అంటే మా గడియారం ఆ మేరకు వెనకబడుతోంది. అంటే మేం దిద్దని తప్పు ఏదో ఒకటి మా గదిలోనే ఉంది. ఉంటే వెతకాలి. వెతకడం నా ఉద్యోగం.

ఫిబ్రవరి 12

దొరికింది! పరమాణువులుండే చిన్న లోహపు గది గోడకు ఐదు ఉష్ణమాపకాలు అంటించి ఉన్నాయి. గోడ వేడి పరమాణువుల మీద పడితే గడియారం వెనకబడుతుంది కాబట్టి ఆ వేడి ఎంతో తెలియాలి. మూడోదాని జిగురు ఊడి, అది గోడను వదిలి గాల్లో వేలాడుతోంది. డిగ్రీలో ఏడో వంతు తక్కువ చూపిస్తోంది. తిరిగి అంటించి, లెక్క దిద్దాను. దిద్దుబాటు సరిగ్గా తొమ్మిది.

ఇది నిజమైన తప్పు. జిగురు ఊడిన మాట నిజం. ఫొటో కూడా తీశాను. ఆ అంకె తెలియకపోయినా ఇది నాకు దొరికేదే.

తెర మీద ఇప్పుడు 681.

ఫిబ్రవరి 13

పెద్దసారు రిజిస్టరు చదివి, “కన్నంటే నీది” అన్నారు. ఈ మాట కోసం తొమ్మిదేళ్లు ఆగాను. ఇరవై ఎనిమిదిన కమిటీ. పర్మనెంటు పోస్టు ఒక్కటే, అడిగేవాళ్లం ఇద్దరం. ఇరవై నాలుగున కవరు తెరిస్తే ఫలితం నా ఫైలుకు జతచేసి పంపుతానన్నారు.

సంతోషంగా ఉంది. ఉండాలి.

ఫిబ్రవరి 15

మాతో పీహెచ్‌డీ చేస్తున్న అమ్మాయికి లాబ్‌లో ‘సందేహం’ అని పేరు. ఏ మాటైనా “ఒక సందేహం మేడం” అనే మొదలుపెడుతుంది. పెళ్లి శుభలేఖ ఇచ్చినా అలాగే ఇస్తుందని మా వెల్డరు అంటాడు.

ఇవాళ్టి సందేహం: “మేడం, పరమాణువుల గది కింది గాజు కిటికీ మీద విద్యుత్తు పేరుకుని ఉందేమో. ఉన్నా గడియారం వెనకబడుతుంది కదా? నిరుడు చూశాం. ఈసారి చూడలేదు.”

“నిరుడు ఏమీ లేదుగా.”

“నిరుడు లేదు కాబట్టి ఇప్పుడూ లేదంటే ఎలా మేడం? రెండు రోజుల పనే.”

“తీగచుట్టలు విప్పాలి. విప్పితే మళ్లీ అన్నీ సరిచూడాలి. టైము లేదు.”

ఆ పిల్ల తల ఊపి వెళ్లిపోయింది. మామూలుగా అయితే ఇంకో మూడు సందేహాలు అడిగేది.

ఫిబ్రవరి 16

కిటికీ చూడనవసరం లేదు.

ఫిబ్రవరి 17

కిటికీ చూడనవసరం లేదు. చూస్తే రెండు రోజులు కాదు, వారం పడుతుంది. ఇంత దగ్గరికొచ్చాక విప్పడం ఎవరైనా చేస్తారా? పెద్దసారే వద్దంటారు. ఆయనను అడగలేదు. అడిగితే వద్దనేవారే.

ఫిబ్రవరి 19

సంతకాలు ఎల్లుండి. ముద్ద దిగడం లేదు. ఈయన బీపీ చూపించుకోమన్నారు. అత్తయ్య మాత్రం కంచం వంక చూసి, “ఆఫీసులో ఎవరిదైనా తప్పు పట్టుకున్నావా?” అంది.

“లేదత్తయ్యా.”

“అయితే నీదే అయ్యుంటుంది. అవతలివాళ్లది పట్టుకున్నప్పుడు మనకు ఆకలెక్కువ వేస్తుంది.”

ఎగతాళికి అంది. నేను లేచి చెయ్యి కడుక్కున్నాను.

ఫిబ్రవరి 21

సంతకాలయ్యాయి. ఇక ఎవరూ ముట్టుకోకూడదు. సందేహం తన సంతకం కింద చిన్న అక్షరాలతో ‘కింది కిటికీ పరీక్షించలేదు’ అని రాసింది. పెద్దసారు చదివి నా వంక చూశారు. టైము చాలలేదన్నాను. నేను చెబితే నమ్ముతారు.

ఫిబ్రవరి 22, ఆదివారం

అత్తయ్య బట్టలు మడతపెడుతుంటే పక్కన కూర్చున్నాను. ఏదో అడగాలని అడిగాను: మీ డ్యూటీలో ఎప్పుడైనా త్రాసు తప్పు చూశారా?

“ఒక్కసారి చూశాను. కొత్తలో. రేవు దగ్గర పెద్ద కాటా. ముద్ర వేసిన యాభై కిలోల రాయి నా చేత్తోనే పెట్టాను. ముల్లు యాభైకి వెంట్రుకవాసి ఇవతల ఆగింది. యాభై అని రాశాను.”

“అబద్ధం రాశారా?”

“అబద్ధం కాదే. నాకు యాభై అనే కనిపించింది. పెట్టింది యాభై అని తెలుసు కదా, కన్ను ముల్లును అక్కడిదాకా తోసింది. నెల తర్వాత కూలీలు గొడవపడితే తెలిసింది. బస్తాకు పావుకిలో కొట్టేస్తోంది ఆ కాటా. మోసేది వాళ్లు, పోయేదీ వాళ్లకే.”

“తర్వాత?”

“తర్వాతేముంది, పైవాళ్లకు నేనే రాసి ఇచ్చాను. ఇంక్రిమెంటు ఆపారు. ఆ రోజు నుంచి రాయి బంట్రోతు పెట్టేవాడు, ఏ రాయి పెట్టాడో నాకు చెప్పేవాడు కాదు. ముల్లు నేను చదివేదాన్ని. చేతికి తెలిసింది కంటికి తెలియకూడదు. దుకాణదారులు నవ్వేవాళ్లు, ఇన్‌స్పెక్టరమ్మ దాగుడుమూతలాడుతోందని.”

దుప్పటి రెండో కొస నా చేతికిచ్చి పట్టుకోమంది. పట్టుకున్నాను. మిగతా బట్టలన్నీ ఇద్దరం కలిసి మడతపెట్టాం.

నాకు ఆ అంకె తెలుసు. మూడో తారీఖునే మొత్తం చూశాను. నాలుగు మాత్రమే చూశానని ఈ పుస్తకానికి కూడా అబద్ధం చెప్పాను. దీన్ని చదివేది నేనొక్కదాన్నే. ఇంతకంటే సిగ్గుమాలిన పని ఇంకోటి ఉందా? జిగురు ఊడిన మాట నిజం. కానీ లెక్క 263కి రాగానే నేను వెతకడం మానేశాను. కిటికీ ఎందుకు చూడనివ్వలేదో నాకు తెలుసు. చూస్తే 263 పోతుందేమోనని భయం.

ఫిబ్రవరి 23

తొమ్మిదింటికి పెద్దసారు గదికి వెళ్లాను. ఆయన చొక్కాకు ఊడిన బొత్తం కుట్టుకుంటున్నారు. నేను మాట్లాడుతున్నంత సేపూ సూది అలాగే పట్టుకున్నారు.

“ఎప్పుడు చూశావు?”

“మూడో తారీఖున, కంప్యూటరు పోయిన రోజు.”

“ఇవాళ ఇరవై మూడు.”

“అవును సార్.”

“ఎంత?”

“నాలుగు వందల పద్దెనిమిది.”

లైబ్రేరియన్‌కు ఫోన్ చేసి కవరు తెప్పించారు. నా ముందే చింపారు. 418. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు.

“తాళం వెయ్యకపోవడం నా తప్పు,” అన్నారు. “అది నేను రాస్తాను. నీది నువ్వు రాయి. రిజిస్టర్లో.”

“మొత్తమా సార్?”

“కిటికీ దగ్గర ఎందుకు ఆగావో అది కూడా.”

రిజిస్టర్లో ఒకటిన్నర పేజీ పట్టింది. అందరూ చదివే పుస్తకం అది. కింద సంతకం పెట్టాను. దాని కింద పెద్దసారు నాలుగు వాక్యాలు రాసి సంతకం పెట్టారు. ఈ కొలత చెల్లదు, మళ్లీ మొదట్నుంచి, కొత్త ముసుగుతో. లెక్క కట్టేది సందేహం. నేను లెక్కలున్న కంప్యూటరు ముట్టుకోకూడదు. పంపులు, నీళ్ల గొట్టాలు, రిపేర్లు నావి.

తలుపు దాకా వెళ్లాక పిలిచారు.

“ఇరవై ఎనిమిదిన పంపడానికి నా దగ్గర ఏమీ లేదమ్మా.”

“తెలుసు సార్.”

కోపంగా అని ఉంటే బాగుండేది.

ఫిబ్రవరి 24

సందేహానికి నేనే చెప్పాను. ఎప్పుడూ లేనిది ఏ ప్రశ్నా అడగలేదు. కాసేపటికి టీ తెచ్చి నా బల్ల మీద పెట్టి వెళ్లింది. పంచదార మర్చిపోయింది. అలాగే తాగాను.

ఫిబ్రవరి 28

పోస్టు నాతోపాటు అడిగినాయనకు వచ్చింది. మంచివాడే. నాకు ఇంకో ఏడాది కాంట్రాక్టు. ఇంటికొచ్చి స్నానాల గదిలో కుళాయి తిప్పి ఏడ్చాను. బయటికొస్తే అత్తయ్య, “ట్యాంకులో నీళ్లన్నీ అయిపోయాయి, మొహం కడుక్కోవడానికైనా మిగిల్చావా?” అంది. ఆవిడకు నిన్ననే అంతా చెప్పాను. తర్వాత పక్కన కూర్చుని నా తల నిమిరింది.

మార్చి 9

పంపు నూనె మార్చాను.

మార్చి 20

వాళ్లు కింది కిటికీ పరీక్ష చేశారు. ఏం తేలిందో నాకు చెప్పరు, చెప్పకూడదు. సందేహం నన్ను చూడగానే కాగితం బోర్లించింది. అలా బోర్లించడం మంచిదే. అయినా గుచ్చుకుంది.

ఏప్రిల్ 2

నీళ్ల గొట్టం కారింది. అంగుళం బిగింపు దొరక్క మూడు దుకాణాలు తిరిగాను. పెద్దసారు దారిలో కనిపించి, “తడిసిపోయావే” అన్నారు. నలభై రోజుల్లో నాతో పనికి సంబంధం లేకుండా ఆయన ఆడిన మొదటి మాట ఇదే. రోజంతా తేలిగ్గా ఉంది.

ఏప్రిల్ 17

కవరు తెరిచారు. అందరం ఉన్నాం, అవతలి భవనం వాళ్లు, సర్వేయరు కూడా. సందేహం చేతికి సుద్దముక్క ఇచ్చి, కవరు పెద్దసారే చింపారు. తీసివేత బోర్డు మీద చేసింది మాత్రం ఆ పిల్లే.

254.

రావాల్సింది 263. సందేహం బోర్డు దగ్గరే నిలబడి ఒక్కొక్కటీ చెప్పింది. మూడో ఉష్ణమాపకం సంగతి నిజం. కింది కిటికీ మీద విద్యుత్తు పేరుకుని ఉన్న మాటా నిజం. రెండూ దిద్దితే వచ్చేది ఇదే. ఎక్కడా తడబడలేదు.

“ఎక్కడో తప్పు చేశారు,” అన్నాడు సర్వేయరు. “నా కొలతలో మిల్లీమీటరు కూడా తేడా ఉండదు. రెండు భవనాల్లోనూ గోడకు ఎత్తు గుర్తులుగా బిగించిన ఇత్తడి బొత్తాల మధ్య మూడుసార్లు కొలిచాను.”

“బొత్తం నుంచి గడియారం బల్ల దాకా?” అడిగారు పెద్దసారు.

“అది రెండేళ్ల కిందట మీరే కొలిచి ఇచ్చారు. అదే కలిపాను.”

పాత రిజిస్టర్లో వెతికితే దొరికింది. అవతలి భవనం గదిలో బొత్తం నుంచి బల్ల మీది గీత దాకా 112 సెంటీమీటర్లు. చేతిరాత నాదే.

పెద్దసారు నా వంక చూశారు. “రేపు వెళ్లి మళ్లీ కొలువు. నీ చేతిలో వేరే పనేమీ లేదుగా.”

ఏప్రిల్ 18

దారిలో రోడ్డు దాటుతూనే లెక్క వచ్చేసింది, ఆపుకోలేకపోయాను. తొమ్మిది అంటే ఎత్తులో ఎనిమిది సెంటీమీటర్లు. 112 ఉండాల్సిన చోట 104 ఉంటే గడియారం చెప్పింది నిజం, సందేహం గెలిచినట్టే. నాకు 104 కావాలి. ఎంత కావాలంటే, టేపు చేత్తో పట్టుకుని బొత్తం ముందు మోకాళ్ల మీద కూర్చున్నాక కూడా అంకెల వైపు చూడలేకపోయాను.

వరండాలో తాపీ మేస్త్రి గోడకు పూత వేస్తున్నాడు. పిలిచాను.

“మేస్త్రీ, టేపు చదవడం వచ్చుగా?”

“అదేం మాటమ్మా, నేను బతికేదే దాంతో.”

“కింది కొస నేను ఈ బొత్తం మధ్యలో పట్టుకుంటాను. పైన ఆ నల్ల గీత దగ్గర ఎంతుందో నువ్వు చదువు.”

“ఎంత ఉండాలమ్మా?”

“చెప్పను.”

విచిత్రంగా చూశాడు. నేను కళ్లు మూసుకున్నాను.

“నూట నాలుగు. నూలుపోగంత ఎక్కువ.”

“ఇంకోసారి.”

మూడుసార్లు చదివించాను. మూడోసారికి విసుక్కున్నాడు. “నాలుగేనమ్మా. మీరు కళ్లు తెరిచి చూసుకోవచ్చుగా?”

తెరవలేదు. కొసలు మార్చుకుని మళ్లీ రెండుసార్లు కొలిచాం, నేను తల పక్కకు తిప్పుకున్నాను. నూట నాలుగు.

టేపు చుట్టేస్తుంటే అతనే అన్నాడు: “ఇంతకీ ఈ బొత్తం దేనికమ్మా? ఏడాదిన్నర కిందట గోడ అడుగున అంచు రాళ్లు వేసినప్పుడు దీని మీద రాయి రావాల్సొచ్చింది. రాయి వెనక పూడ్చడం ఎందుకు, పాపం ఎవరిదోనని పీకి, రాళ్లకు పైగా బిగించాను. నీటుగా వచ్చింది కదా?”

నీటుగానే వచ్చింది. అంచు రాయి ఎత్తు ఎనిమిది సెంటీమీటర్లు. నేను బల్ల దాకా కొలిచాక అతను బొత్తం పైకి జరిపాడు, అతను జరిపాక సర్వేయరు వచ్చి కొలిచాడు. ముగ్గురం ఎవరి పని వాళ్లం సరిగ్గానే చేశాం. రావాల్సింది 263 కాదు, మొదట్నుంచీ 254. నేను ఫిబ్రవరిలో పోస్టు కోసం, పెద్దసారు మెప్పు కోసం, నిద్ర మానుకుని గడియారాన్ని ఒక అంచు రాయికి సరిపెట్టాను.

నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. మేస్త్రి కంగారుపడ్డాడు. “తప్పు చేశానా అమ్మా?”

“లేదు మేస్త్రీ. చూసింది చూసినట్టు చెప్పావు.”

లాబ్‌కు వచ్చి సందేహానికి చెప్పాను. అక్కడే నేల మీద కూలబడి, తర్వాత, “ఒక సందేహం మేడం, మేస్త్రి చదివేటప్పుడు టేపు వంకరగా లేదు కదా?” అంది. లేదన్నాను. రేపు తనూ వెళ్లి కొలుస్తుందట. కొలవనీ.

రిజిస్టరు తెరిచి ఇలా రాశాను: బొత్తం నుంచి గీత దాకా 104, ఐదు కొలతలు. చదివినవారు తాపీ మేస్త్రి. టేపు పట్టుకున్నది నేను. నేను అంకె చూడలేదు.

సంతకం పెట్టాను.